రాజీ కుదిరిన ఏడాది మా పొలానికి నీళ్ళు రాలేదు

మా బావకి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. ఫిబ్రవరి నుంచి మే దాకా సీజన్లో ఆయన ఇంట్లో దొరకడు, అందుకని ఏదైనా మాట్లాడాలంటే నేనే విజయవాడలో బస్సెక్కి యార్డుకి పోతాను. మిర్చి టిక్కీల (బస్తాల) పక్కన కుర్చీ వేసుకుని, తుమ్ముకుంటూ, టీ తాగుతూ మేం మాట్లాడుకునేవి ఇంటి సంగతులు తక్కువ, ప్రపంచ రాజకీయాలు ఎక్కువ. అందులో వింతేమీ లేదు లెండి. తేజ రకం కాయకి చైనా పెద్ద గిరాకీ. అక్కడి ఆర్డర్లు ఆగాయని పొద్దున ఒక పుకారు పుడితే మధ్యాహ్నానికి క్వింటా ధర దిగుతుంది.

2025 ఏప్రిల్లో అమెరికా చైనా సరుకు మీద సుంకాన్ని 145 శాతానికి తీసుకెళ్తే, చైనా 125 శాతంతో బదులిచ్చింది గుర్తుందా, ఆ రోజుల్లో ఒకసారి వెళ్ళాను. ఇది యుద్ధం దాకా పోతుందేమో బావా అని కాస్త టెన్షన్‌గానే అడిగా. ఆయన నవ్వాడు. "ఏం పోదురా. కాటా దగ్గర అరుచుకోవడం నువ్వు చూళ్ళేదా? బ్రిటన్ వాడు అమెరికా వాడికి పెద్దరికం అప్పజెప్పాడు, ఒక్క తూటా పేలిందా? రేపు అమెరికా వాడు చైనా వాడికీ అంతే. టైం పడుతుంది, సర్దుకుంటారు."

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. టీ చల్లారేలోపు చెప్పగలిగే జవాబు కూడా కాదది. అందుకే ఇలా రాస్తున్నా, ఆయన ఫోన్లో చదువుకుంటాడని.

ముందు బావ మాటలో నిజమెంతో చూద్దాం, ఎందుకంటే చాలానే ఉంది. 1895లో వెనిజులాకీ, పక్కనే ఉన్న బ్రిటిష్ గయానాకీ సరిహద్దు తగాదా. మధ్యలో అమెరికా దూరింది. ఈ ఖండంలో తగాదా ఏదైనా మేం చెప్పినట్టు తేలాలి అన్న ధోరణిలో డిసెంబరు 17న అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ తన పార్లమెంటుకు సందేశం పంపాడు. అప్పటికి సముద్రాల మీద బ్రిటన్‌ని మించినవాడు లేడు. పౌరుషానికి పోయి ఉంటే యుద్ధమే. కానీ సరిగ్గా 17 రోజుల తర్వాత, 1896 జనవరి 3న, జర్మనీ చక్రవర్తి దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి వాళ్ళైన బోయర్ల నాయకుడు క్రూగర్‌కి అభినందన టెలిగ్రాం కొట్టాడు, బ్రిటిషు వాళ్ళ దాడిని భలే తిప్పికొట్టారని. లండన్‌లో కోపమంతా అటు మళ్ళింది. అమెరికాతో మాట్లాడుకుందాంలే అన్నారు. తర్వాత 1901లో పనామా దగ్గర కాలువ తవ్వే హక్కులో తమ సగం వాటా వదులుకున్నారు. 1903లో అలాస్కా సరిహద్దు దగ్గర తగ్గారు. 1922లో వాషింగ్టన్‌లో కూర్చుని, పెద్ద యుద్ధనౌకల్లో మీకూ మాకూ సమానం అని సంతకం పెట్టారు. సముద్రాన్నే నమ్ముకుని బతికిన దేశం ఇంకో దేశాన్ని తనతో సమానమని కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

కాబట్టి తూటా పేల్లేదన్నది నిజం. పేలకపోవడానికి కారణం మాత్రం మంచితనం కాదనిపిస్తుంది నాకు. బ్రిటన్‌కి ఇంటి పక్కనే జర్మనీ అనే ఇంకో గుబులుంది, దూరపు గొడవ తెగ్గొట్టుకుంటే తప్ప దగ్గరి గొడవ చూసుకోలేదు. పైగా వదులుకున్నవేవీ సొంత ఇంట్లోవి కావు. పనామా వాళ్ళది కాదు. అలాస్కా సరిహద్దు కెనడా వాళ్ళ బతుకు, ఆ తగాదా తీర్చిన బోర్డులో ముగ్గురు అమెరికన్లు, ఇద్దరు కెనడా వాళ్ళు, ఒక ఇంగ్లీషు జడ్జి. ఆ ఇంగ్లీషు జడ్జి అమెరికన్ల వైపు ఓటేశాడు. కెనడా వాళ్ళిద్దరూ సంతకం పెట్టమని లేచిపోయారు.

ఇక వెనిజులా సంగతి ఇంకా ముచ్చటైనది. 1899లో తీర్పు చెప్పిన బెంచీలో ఐదుగురు. ఇద్దరు బ్రిటిషు వాళ్ళు, ఇద్దరు అమెరికన్లు, మధ్యవర్తిగా ఒక రష్యన్. మరి వెనిజులా వాళ్ళేరీ? లేరు. వెనిజులా తరఫునే ఆ అమెరికన్లు కూర్చున్నారు. భూమిలో ఎక్కువ భాగం బ్రిటిషు గయానాకి పోయింది, "ఈ ఖండంలో పెద్ద మేమే" అన్న మాట అమెరికాకి దక్కింది, ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. వెనిజులా మాత్రం ఆ తీర్పు చెల్లదని ఇప్పటికీ అంటూనే ఉంది, 2023 డిసెంబరులో ఆ భూమి మాదేనని రెఫరెండం కూడా పెట్టుకుంది. నూట పాతికేళ్ళయింది. మనం చరిత్ర పాఠంలో శాంతియుతం అని రాసుకున్న దాని బాకీ ఇంకా తీరలేదు.

ఈ సంగతి చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొచ్చింది.

నరసరావుపేట అవతల, సాగర్ కుడి కాలువ కింద ఒక మేజరు (పిల్ల కాలువ) మీద ఉన్న ఊరు మాది. పేరు వద్దులెండి, వాళ్ళూ బ్లాగులు చదువుతారు. నా చిన్నప్పుడు ఊళ్ళో రెండు ఇళ్ళ వాళ్ళు ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళు. ఒకరిది తాతల నాటి పెద్దరికం, పంచాయితీ అంటే వాళ్ళ అరుగు మీదే. రెండో వాళ్ళు పత్తి వ్యాపారంలో పైకొచ్చారు, ట్రాక్టర్లు, లారీ, పట్నంలో పలుకుబడి. ఎన్నికలొస్తే ఊరంతా గుండెలు చేత్తో పట్టుకునేది. మా నాన్న చీకటి పడ్డాక మమ్మల్ని రామాలయం దాటి పోనిచ్చేవాడు కాదు. ఒక ఏడాది నిజంగానే ఏదో అవుతుందనుకున్న సమయంలో పక్కూరి పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు, రాజీ గట్టిపడాలని పిల్లనిచ్చి పెళ్ళి కూడా చేశారు. ఊరందరికీ భోజనాలు. నేను మూడు లడ్డూలు తిన్నాను. ఇప్పటికీ మా ఊళ్ళో ఆ రాజీ గొప్పగా చెప్పుకుంటారు, రక్తం చుక్క కారకుండా పెద్దరికం ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పోయిందని.

మా పొలం ఆ కాలువ చివర ఉంది. రాజీకి ముందు ఆ ఇద్దరూ ఒకరి మీద ఒకరు కన్నేసి ఉండేవాళ్ళు. ఒకడు తన వంతు కాని రోజు తూము ఎత్తితే రెండో వాడు తెల్లారేసరికి కాలువ కాపలా చూసే లస్కర్‌ని వెంటబెట్టుకుని వచ్చేవాడు, ఇరిగేషన్ ఇంజనీరు (డీఈ) దాకా పోయేవాడు. వాళ్ళ పగ పుణ్యమా అని వంతులు సరిగ్గా నడిచేవి, మాదాకా నీళ్ళొచ్చేవి. రాజీ అయ్యాక అడిగేవాడు లేడు. ఇద్దరూ తూములు ఎత్తుకున్నారు. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ చివరి భూములు ఎండాయి. నాన్న ఎకరంన్నర అమ్మాడు. ఆ అమ్మకం ఊరి చరిత్రలో ఎవరూ గొడవ కింద లెక్కేయరు, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు కదా.

దేశాలు ఊళ్ళు కావని నాకూ తెలుసు. కానీ ఇద్దరు పెద్దవాళ్ళు పోటీలో ఉన్నప్పుడు చిన్నవాడికి దక్కేది కొంత ఉంటుంది. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో మనం అమెరికా నుంచి పీఎల్ 480 అనే సాయం పథకం కింద గోధుమలూ తెచ్చుకున్నాం, సోవియట్ సాయంతో భిలాయ్‌లో ఉక్కు ఫ్యాక్టరీ కట్టుకున్నాం, తర్వాత విశాఖ ఉక్కుకీ వాళ్ళ సాయమే. ఎవరి మీద ప్రేమతో ఎవరూ ఇవ్వలేదు. అవతలి వాడు ఇస్తాడేమోనని ఇచ్చారు.

హార్వర్డ్ ప్రొఫెసర్ గ్రాహం ఆలిసన్ దీని మీద పెద్ద లెక్కే వేశాడు. గత 500 ఏళ్ళలో ఎదిగేవాడు, ఉన్నవాడు ఎదురుపడ్డ సందర్భాలు 16 తీసి, 12 సార్లు యుద్ధమైందనీ, 4 సార్లు కాలేదనీ తేల్చాడు. ఈ 16ని ఎలా ఏరాడు, ఎందుకు ఇవే అని చాలామంది పేచీ పెట్టారు, నాకూ ఆ పేచీ సబబే అనిపిస్తుంది. కానీ నా కన్ను పడింది ఆ నాలుగు మంచి ఉదాహరణల మీద. మొదటిది పోర్చుగల్, స్పెయిన్. యుద్ధం లేకుండా ఎలా సర్దుకున్నారయ్యా అంటే 1494లో టోర్డెసిల్లాస్ అనే ఊళ్ళో కూర్చుని అట్లాంటిక్ మీద నిలువుగా ఒక గీత గీసి, అటువైపుది నీది, ఇటువైపుది నాది అని ప్రపంచాన్ని పంచుకున్నారు. ఆ గీతకి ఇరువైపులా బతుకుతున్న జనానికి పంపకం జరిగిన సంగతి కూడా తెలీదు. ఇదీ శాంతి ఖాతాలోనే పడింది!

మన కోస్తా వాళ్ళకి ఇది కొత్త పాఠమేం కాదసలు. బందరు పోయి చూడండి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట. వలందులంటే డచ్చి వాళ్ళు. మూడు దేశాలు మన ఒక్క ఊళ్ళో పేట కొకటి చొప్పున కొట్లు పెట్టుకున్నాయి. ఇంగ్లీషు వాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో ముందు నిజాంపట్నంలో దిగి, అక్కణ్ణుంచి బందరు వచ్చారు. యూరప్‌లో ఇంగ్లండు, ఫ్రాన్సు తలపడితే ఆ దెబ్బలు ఇక్కడ పడ్డాయి. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు, మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు వాళ్ళతో యుద్ధం, 1759 ఏప్రిల్లో కల్నల్ ఫోర్డ్ రాత్రికి రాత్రి బందరు కోట మీద పడి పట్టుకోవడం. ప్రపంచం మీద పెద్దరికం ఫ్రాన్సుదా, ఇంగ్లండుదా అని తేలిన చోట్లలో మన బందరు ఒకటి. విజయవాడ నుంచి గంటన్నర ప్రయాణం. స్కూల్లో మాకు ఎవరూ అలా చెప్పలేదు.

అది యుద్ధం. మరి మా గుంటూరు? గుంటూరు యుద్ధం లేకుండానే చేతులు మారింది, బావ చెప్పినట్టే. 1766లో ఉత్తర సర్కార్లను (మన కోస్తా జిల్లాలను) ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన హైదరాబాదు నిజాం అలీ, గుంటూరును మాత్రం తన సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నంత కాలం ఆయన కిందే ఉంచాడు. ఆయన 1782లో పోయాడు, నిజాం కొన్నాళ్ళు నాన్చాడు, 1788లో కంపెనీకి అప్పజెప్పాడు. ముట్టడి లేదు, ఫిరంగి లేదు. సర్కార్ల కోసం కంపెనీ నిజాంకి ఏటా పేష్కషు (కప్పం) కట్టేది, చివరికి 1823లో ఒకేసారి సొమ్ము ఇచ్చి దాన్నీ తెంపేసుకుంది. కాగితాల మీద ఇంత మర్యాదగా జరిగిన మార్పిడి ఇంకోటుండదు. గుంటూరు చేతులు మారిన నలభై నాలుగేళ్ళకి, 1832లో, నందన నామ సంవత్సరంలో కరువొచ్చింది. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనాభా ఉంటే మూడో వంతు దాకా పోయారని చెబుతారు. వానలు పడకపోవడం కంపెనీ తప్పు కాదు. కానీ చెరువులు బాగు చేయించకుండా, శిస్తు ఎంతొస్తుందన్న లెక్కే చూసిన పాలన కింద ఆ వానలు పడకపోవడం అన్నది వేరే సంగతి. కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట లేచింది ఇరవై ఏళ్ళ తర్వాత.

సరే, మళ్ళీ బ్రిటన్, అమెరికాల దగ్గరికి వద్దాం, ఎందుకంటే బావ ఒకటి మర్చిపోయాడు. ఆ అప్పగింత మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలున్నాయి. ఇద్దరూ కొట్టుకోలేదు సరే, మూడో వాడితో, నాలుగో వాడితో కొట్టుకుంటూ ఒకడు అరిగిపోయాడు, ఇంకొకడు అప్పులిచ్చి లావయ్యాడు. 1940 సెప్టెంబరులో అమెరికా 50 పాత యుద్ధనౌకలిచ్చి, అట్లాంటిక్, కరీబియన్ వైపు బ్రిటిషు పాలనలో ఉన్న చోట్ల స్థావరాలకి 99 ఏళ్ళ లీజు రాయించుకుంది. 1946లో 375 కోట్ల డాలర్ల అప్పు, దాని చివరి వాయిదా బ్రిటన్ కట్టింది 2006 డిసెంబరులో. దీన్ని అప్పజెప్పడం అంటారో, తాకట్టు పెట్టి పెట్టి చివరికి ఇల్లు వదిలెయ్యడం అంటారో యార్డులో వడ్డీ లెక్కలు తెలిసిన మా బావే చెప్పాలి. ఆ రెండు యుద్ధాల్లో మొదటి దాంట్లోనే మన దేశపు సైనికులు 74 వేల మందికి పైగా చచ్చిపోయారు.

ఇంకో చిన్న ముడి. ఆ 1922 వాషింగ్టన్ ఒప్పందంలో పెద్ద యుద్ధనౌకల నిష్పత్తి అమెరికాకి 5, బ్రిటన్‌కి 5, జపాన్‌కి 3. అమెరికా ఇష్టం కోసం బ్రిటన్ జపాన్‌తో ఇరవై ఏళ్ళుగా ఉన్న పొత్తును కూడా వదిలేసింది. జపాన్‌లో అది అవమానంగా మిగిలింది. అది ఒక్కటే కారణమని అనను, తర్వాత జపాన్ చేసిన ఘోరాలకి ఎవరి అవమానమూ సాకు కాదు. కానీ 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసిన విమానాలు ఆ జపానువే. పెద్దరికం మారుతున్నంతసేపూ బాంబులు లండన్ మీదే పడవు.

ఇక్కడ బావ తప్పకుండా అనే మాట ఉంది, అది నిజంగా గట్టిది కూడా. అణుబాంబులు వచ్చాక లెక్క మారింది కదరా అంటాడు. మారింది. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ వాళ్ళు పెట్టిన క్షిపణుల గొడవలో రెండు వారాలు ప్రపంచం అంచు మీద నిలబడి వెనక్కి వచ్చింది, అమెరికా టర్కీలో తన క్షిపణులు తీసేస్తానని గుట్టుగా మాటిచ్చి మరీ. అవతలి వాడి పరువు పోకుండా దారి వదలడం అంటే అదీ. (అదే అక్టోబరు 20న చైనా మన మీద పడింది, ప్రపంచం చూపు క్యూబా మీద ఉంది. ఇది ఎప్పుడు గుర్తొచ్చినా నాకు ఒకలా ఉంటుంది.) 1991 డిసెంబరు 25న క్రెమ్లిన్ మీద ఎర్ర జెండా దిగింది, ఇద్దరి మధ్యా ఒక్క నేరు యుద్ధం లేకుండా. అది ఎదిగేవాడికి పెద్దరికం అప్పజెప్పడం కాదు, పోటీదారు కూలిపోవడం, అయినా శాంతి శాంతే. నేను కాదనను. మరి ఆ శాంతి వెనకాల? 1994లో బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన నేల మీద ఉన్న అణ్వాయుధాలు వదులుకుంది. నీ సరిహద్దులను గౌరవిస్తాం అని అమెరికా, బ్రిటన్, రష్యా రాసిచ్చాయి. 2014లో రష్యా క్రిమియాని కలిపేసుకోవడం, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద పడటం అందరం టీవీలో చూశాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. చైనా, అమెరికా ఏం చేస్తాయి? యుద్ధం రాసిపెట్టి ఉందని నేను నమ్మను. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి చైనా సైన్యంతో గొడవలో ఇరవై మంది మనవాళ్ళు చనిపోయారు, వాళ్ళ కమాండర్ కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట వాడు. అంత ఘోరం జరిగినా తుపాకులు పేలలేదు, వాస్తవాధీన రేఖ దగ్గర కాల్పులు జరపకూడదని 1996లో రాసుకున్న ఒప్పందం ఉంది గనక. రాళ్ళతో, రాడ్లతో చంపుకుంటూ కూడా ఒక గీత దాటలేదు. మనుషులు వింత జంతువులు. కాబట్టి ఆపుకోవడం చేతనవును.

కానీ 1895 నాటి సౌకర్యాలు ఇప్పుడు లేవు. బ్రిటన్‌ని తొందరపెట్టడానికి పక్కన జర్మనీ ఉంది, అమెరికాని అలా తొందరపెట్టే మూడో పెద్ద భయం లేదు. భాష ఒకటి కాదు, రాజ్యం నడిపే తీరు ఒకటి కాదు. ఇక వదులుకోవడానికి దూరంగా ఉన్నదేంటి అని వెతికితే చేతికి తగిలేది తైవాన్. చైనా తీరానికీ దానికీ మధ్య సముద్రం సన్నగా ఉన్న చోట 130 కిలోమీటర్లే, మన విజయవాడ నుంచి సూర్యాపేట అంత. అమెరికాకి అది మహాసముద్రం అవతల. వెనిజులా, అలాస్కా లెక్క ప్రకారం చూస్తే వదిలేసి స్నేహం కొనుక్కోవచ్చు. అప్పుడు తూటా పేలదు, బావ గెలుస్తాడు. అక్కడ 2 కోట్ల 30 లక్షల మంది ఉన్నారు, వాళ్ళ సంగతి తేల్చే బెంచీలో వాళ్ళ మనిషి ఉండకపోవచ్చు. అందుకే నాకు ఇద్దరూ కొట్టుకుంటారేమో అన్న భయంతో పాటు, చేతులు కలుపుకుంటారేమో అన్న భయం కూడా ఉంది. ఈ రెండో భయం చెప్పుకుంటే జనం నవ్వుతారు. యుద్ధం కావాలా నీకు అంటారు. అక్కర్లేదు మహాప్రభో. యుద్ధమొస్తే మొదట మాడేదీ చివరి పొలాలే. రాజీ కుదిరే చోట మాకూ ఒక కుర్చీ వేయండి అంటున్నా, అంతే. ఆ కుర్చీ ఎవరూ ఊరికే వేయరు, మనం లావైతే తప్ప, లేదా మనలాంటి చివరి పొలాల వాళ్ళం పదిమందిమి కలిసి లస్కర్ ఇంటికి పోతే తప్ప. రెండోది మనకి ఎందుకో ఎప్పుడూ కుదరదు.

మా పెదనాన్న కొడుకు, అన్నయ్య, రేపల్లె అవతల వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, రొయ్యల మీద అంతకుముందే ఉన్న సుంకాలు దానికి అదనం. అందులో సగం రష్యా నూనె కొంటున్నామని వేసిన శిక్ష. మనకంటే ఎక్కువ కొనే చైనాకి అప్పుడు ఆ శిక్ష వేయలేదు. అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బూసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిసిన రోజు నేను అన్నయ్య ఇంట్లోనే ఉన్నాను. ఇద్దరూ చెయ్యి చెయ్యి కలపడం టీవీలో చూపించారు. చైనా మీద సుంకం తగ్గిస్తామని ఈయన, అరుదైన ఖనిజాల మీద కొత్త ఆంక్షలు ఏడాది పాటు ఆపుతామని ఆయన. బావ దగ్గర్నుంచి వెంటనే వాట్సాప్‌లో మెసేజ్, "చెప్పానా?" అని.

అన్నయ్య కూడా శ్రద్ధగా చూశాడు. వార్త అయిపోయాక, రొయ్యల గురించి ఏమైనా అన్నారా అని అడిగాడు. లేదన్నాను. కాసేపు ఆగి, వెంకటగిరి తువ్వాలు భుజాన వేసుకుని, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసొస్తానని చెరువు మీదకి వెళ్ళిపోయాడు.